కడుపులో మంట – గ్యాసు మాత్రల మంచిచెడ్డలు

మన సంఘం వారి ఏ విందుకు వెళ్ళినా, భోజనాలయిన అరగంటకు ఒక దృశ్యం తప్పక కనిపిస్తుంది. పులిహోర, గుత్తివంకాయ, ఆవకాయ, పెరుగువడ వరసగా లోపలికి వెళ్ళాక ఎవరో ఒకరు ఛాతీ రుద్దుకుంటూ, "గ్యాసు మాత్ర ఎవరి దగ్గరైనా ఉందాండీ?" అని అడుగుతారు. వెంటనే నాలుగు హ్యాండుబ్యాగులు తెరుచుకుంటాయి. నాలుగు రకాల మాత్రలు బయటికి వస్తాయి. ఏది ఎందుకు, ఎన్నాళ్ళు అని అడిగేవారు మాత్రం ఉండరు. వైద్య వృత్తిలో ఉన్నవాణ్ణి గనుక, ఈ సంగతి నాలుగు ముక్కలు రాయమని సంపాదకులు కోరారు.

ముందుగా జరిగిన విషయం ఒకటి చెబుతాను. మిత్రులొకరి తండ్రిగారు ఇండియా నుంచి ఆరు నెలలు ఉందామని అమెరికా వచ్చారు. మోకాళ్ళ నొప్పులకు రోజూ నొప్పి మాత్ర, దానివల్ల వచ్చే మంటకు గ్యాసు క్యాప్సూలు – రెండూ ఊరినుంచే సూట్‌కేసులో తెచ్చుకున్నారు. మంట ఎక్కువైన రోజున మాత్రమే క్యాప్సూలు, అదీ భోజనమయ్యాక. విరేచనం నల్లగా అవుతోందని ఆయన ఎవరికీ చెప్పలేదు. "పరాయి దేశంలో పిల్లల్ని ఇబ్బంది పెట్టడం దేనికి" అనుకున్నారట. ఒక ఉదయం స్నానాల గదిలో కళ్ళు తిరిగి పడిపోయారు. ఆసుపత్రిలో గొట్టం వేసి చూస్తే కడుపులో పుండు, దానినుంచి రక్తస్రావం. రక్తం ఎక్కించవలసి వచ్చింది. ఆయన ఇప్పుడు కులాసాగా ఉన్నారు. తన సంగతి నలుగురికీ తెలియాలని ఆయనే అన్నారు కాబట్టి, పేరు లేకుండా రాస్తున్నాను.

ఈ మందులు మూడు తరగతులు. మొదటివి ఉన్న ఆమ్లాన్ని విరిచేవి: ఇక్కడి టమ్స్, అక్కడి డైజీన్, జెలూసిల్, ఈనో వంటివి. నిమిషాల్లో పనిచేస్తాయి, కాసేపట్లోనే ఆ గుణం పోతుంది. ఎప్పుడో ఒకసారి విందు తర్వాత వాడుకోవడానికి సరిపోతాయి. అయితే ఈనో వంటి పొంగే పొడుల్లో సోడియం ఎక్కువ. రక్తపోటు, గుండె జబ్బు ఉన్నవారు వాటి జోలికి పోరాదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మెగ్నీషియం, అల్యూమినియం కలిసిన మందులను డాక్టరును అడగకుండా వాడకూడదు.

రెండవ తరగతిలో ఇప్పుడు ఎక్కువగా వాడేది ఫామోటిడీన్. దాదాపు గంటలో పని మొదలుపెట్టి పది పన్నెండు గంటలు కాస్తుంది. ఈ కుటుంబంలోదే రానిటిడీన్. మనలో చాలామంది చిన్నప్పటినుంచి ఎరిగిన మాత్ర. అందులో కేన్సరు కారకం కాగల ఒక మలినం కనబడినందున, 2020 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వ ఔషధ శాఖ దాని అమ్మకం ఆపించింది. పాత డబ్బాలు ఇంట్లో మూలుగుతుంటే పారవేయండి.

మూడవ తరగతి ఒమెప్రజోల్, పాంటోప్రజోల్, ఈసోమెప్రజోల్ మొదలైనవి. ఆమ్లాన్ని తయారుచేసే పంపులనే ఇవి మూసివేస్తాయి. అన్నిటికన్నా బలమైనవి ఇవే, అన్నిటికన్నా తప్పుగా వాడేదీ వీటినే. తిండి తినబోయేటప్పుడు ఆ పంపులు మేల్కొంటాయి. మందు అప్పటికే రక్తంలో ఉండాలి. అందుచేత ఉదయం ఫలహారానికి 30 నుంచి 60 నిమిషాల ముందు వేసుకోవాలి. భోజనమయ్యాక మంట పుట్టినప్పుడు వేసుకుంటే గుణం అంతంత మాత్రమే. పూర్తి గుణం కనబడటానికి ఒకటి నుంచి నాలుగు రోజులు పడుతుంది. చీటీ లేకుండా కొన్న డబ్బా అయితే 14 రోజులే, మళ్ళీ నాలుగు నెలల దాకా వద్దు. అప్పటికీ తగ్గకపోతే డాక్టరును చూడవలసిందే.

ఇక పుండు సంగతి. "కారం తింటే పుండు పడుతుంది, పాలు తాగితే మానుతుంది" అని మన పెద్దలు అనేవారు. కారం మంటను రేపవచ్చు గాని పుండుకు మూలం కాదు. పాలు కాసేపు చల్లబరచి, తర్వాత ఆమ్లాన్ని పెంచుతాయి. పుండుకు ముఖ్య కారణాలు రెండు. ఒకటి ఐబుప్రొఫెన్, నాప్రొక్సెన్, ఆస్పిరిన్ వంటి నొప్పి మందులు. రెండవది హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో వారెన్, మార్షల్ అనే ఇద్దరు వైద్యులు దీన్ని పట్టుకున్నారు. లోకం నమ్మకపోతే, 1984లో మార్షల్ ఆ క్రిములను తానే తాగి జబ్బు తెచ్చుకుని చూపాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలో చాలామందికి ఈ క్రిమి చిన్నతనంలోనే చేరుతుంది. ఊపిరి పరీక్షతోగాని మలపరీక్షతోగాని తెలుసుకోవచ్చు. సాధారణంగా 10 నుంచి 14 రోజుల మందులతో పోతుంది. పరీక్షకు రెండు వారాల ముందు మూడవ తరగతి మందు ఆపాలి, లేకపోతే క్రిమి ఉన్నా లేనట్టు కనబడుతుంది. రక్తస్రావమైన పుండు ఉన్నవారు మాత్రం డాక్టరు చెప్పకుండా ఆపరాదు. మిత్రుని తండ్రిగారికి ఈ రెండు కారణాలూ ఉన్నాయి.

గుర్తుంచుకోవలసినవి:

1. శాకాహారులు, అందులోనూ చక్కెర జబ్బుకు మెట్‌ఫార్మిన్ వాడేవారు, ఈ మందులు ఏళ్ళ తరబడి వేసుకుంటే బి-12 తగ్గవచ్చు. రక్తపరీక్ష చేయించుకోండి.

2. గుండెకు క్లోపిడోగ్రెల్ వాడేవారు ఒమెప్రజోల్, ఈసోమెప్రజోల్ వద్దు. వేరేది డాక్టరు ఇస్తారు.

3. థైరాయిడ్ మాత్రకూ, మొదటి తరగతి మందుకూ నాలుగు గంటల ఎడం ఉండాలి.

4. ఇండియా క్యాప్సూళ్ళలో డొంపెరిడోన్ కలిసి ఉంటుంది చాలావాటిలో. గుండె లయకు సంబంధించిన భయం వల్ల దానికి అమెరికాలో అనుమతి లేదు. మీ డాక్టరుకు ఆ అట్ట చూపించండి.

5. నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే మంట రెట్టింపై తిరిగి వస్తుంది. అది జబ్బు ముదిరిందని కాదు. డాక్టరు సలహాతో మెల్లగా తగ్గించాలి. ఆస్పిరిన్ వల్ల పుండు పడకుండా ఇచ్చిన మందును భయపడి మానవద్దు.

మందులకన్నా ముందు చేయగలిగినవీ ఉన్నాయి. రాత్రి భోజనానికీ పడకకూ మూడు గంటల ఎడం పెట్టండి. మంచం తలవైపు కోళ్ళ కింద ఆరేడు అంగుళాల ఎత్తు పెట్టండి. దిండ్లు పేర్చితే చాలదు. పొట్ట తగ్గించండి.

నల్లని విరేచనం, రక్తపు వాంతి, మింగడం కష్టమవడం, కారణం లేకుండా బరువు తగ్గడం – వీటిలో ఏది కనబడినా మాత్రతో సరిపెట్టక వెంటనే వైద్యుని దగ్గరకు వెళ్ళండి. ఐరన్ మాత్రలవల్ల కూడా విరేచనం నల్లబడుతుంది గాని, ఆ తీర్పు మీరు చెప్పుకోవద్దు. ఛాతీ బరువుగా ఉండి, చెమటలు పట్టి, నొప్పి చేతికో దవడకో పాకితే అది గ్యాసు అనుకోకండి. 911కు ఫోను చేయండి. మనవాళ్ళకు గుండెపోటు చిన్న వయసులోనే వస్తుంది.

చివరిగా ఒక మనవి. ఈ వేసవిలో మీ ఇంటికి అమ్మానాన్నలో అత్తమామలో వస్తుంటే, వచ్చిన మర్నాడే మందుల సంచీ బల్లమీద పెట్టించి, ఏది దేనికో రాసుకోండి. విరేచనం సంగతి అడగడానికి సిగ్గుపడకండి. చెప్పడానికి వారు మొహమాటపడతారు, అడగవలసినది మనమే.