ఇళ్ళ సభకు ఇల్లు లేనివారే కరువు

కంబదూరు : ఇంటిస్థలం ఎవరికివ్వాలి, కాలనీ ఊరికి ఏ దిక్కున వెయ్యాలి అన్న రెండు ప్రశ్నలూ ముందు గ్రామసభలో తేలవలసినవి. కాని అనంతపురం జిల్లా మెట్టసీమలో దీనికొక చిక్కు వున్నది. ఇల్లు లేనివారిలో చాలామంది సభ జరిగేనాడు ఊళ్ళో వుండరు. బెంగుళూరులో ఇంకొకరి మేడకు ఇసుక మోస్తూ వుంటారు.

కర్ణాటక సరిహద్దున వున్న కంబదూరు మండలానికి ఈ వలస కొత్త కాదు. జిల్లాలో ఏడాదికి సగటున కురిసే వాన 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. దేశంలో రాజస్థాన్‌లోని జైసల్మేరు తరువాత అంత తక్కువ వాన పడేది ఇక్కడేనని పేరు పడిపోయింది. ఉన్న ఆధారమల్లా వానమీద పండే వేరుశనగ. జూన్, జూలై నెలల్లో అదును చూసి విత్తనం వేస్తారు. అక్టోబరు, నవంబరుల్లో చెట్టు పెరుకుతారు. కాయలు కల్లం దాటిన తరువాత పల్లెలో చెప్పుకోదగిన కూలి లేదు. సంక్రాంతి నాటికి ఎన్నో ఇళ్ళ తలుపులకు తాళాలు పడతాయి. ముసలివారు, బడికి పోయే పిల్లలు, గొఱ్ఱెలు ఊళ్ళో మిగులుతారు.

సభ తేదీలు - వలస నెలలు

రాజ్యాంగ 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చింది. దానినిబట్టి మన రాష్ట్రంలో 1994లో పంచాయతీరాజ్ చట్టం చేశారు. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివారూ గ్రామసభ సభ్యులే. సర్పంచిని ఎన్నుకోవడంతో వారి పని తీరిపోదు. లబ్ధిదారుల ఎంపికలో అడిగే హక్కు, ఆక్షేపించే హక్కు వారికి వున్నాయి.

గ్రామసభలకు రాష్ట్రంలో స్థిరపడిన తేదీలు నాలుగు. జనవరి 2, ఏప్రిల్ 14, జూలై 1, అక్టోబరు 3. ఈ నాలుగింటినీ కంబదూరు వ్యవసాయపు లెక్కతో పోల్చి చూస్తే సంగతి తెలిసిపోతుంది. జనవరి 2 నాటికి వలసలు సాగుతుంటాయి. ఏప్రిల్ 14 నాటికి ఉగాదికి వచ్చినవారు చాలావరకు తిరుగు బస్సు ఎక్కి వుంటారు. జూలై 1న వాన పడితే జనం చేలో వుంటారు. పడకపోతే ఊళ్ళోనే వుండరు. కాస్తో కూస్తో జనం దొరికేది అక్టోబరు 3న మాత్రమే. అప్పటికైనా కలుపు, కోత పనులు మానుకుని రావలసిందే. ఒకపూట కూలి పోగొట్టుకుని సభకు రావడం తినడానికి వున్నవారికి తేలిక, లేనివారికి కష్టం.

ఇళ్ళ జాబితాలు ఈ తేదీలలోనే తయారు కావాలని లేదు. ప్రత్యేక సభలు కూడా పెడతారు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజున గ్రామసభలు జరిపారు. ప్రభుత్వం తలచుకుంటే ఊరూరా ఒకేనాడు సభ పెట్టగలదని ఆనాడు రుజువయింది. ఏనాడు పెడితే జనం వస్తారన్నదే తేలవలసిన విషయం.

చవుడు మిద్దెల కథ

ఈ సీమలో పాత ఇల్లంటే చవుడు మిద్దె. రాళ్ళను మట్టితో పేర్చిన గోడలు, పైన దూలాలు, వాటిమీద దంతెలు, దంతెల మీద ఆకులో బోదో పరచి మట్టి మెత్తి, అన్నిటికన్నా పైన చవుడు పోస్తారు. వాన తక్కువ గనుక ఈ మిద్దె తరాలపాటు నిలుస్తుంది. ఎండకాలం లోపల చల్లగా వుంటుంది. కాని ఏటా వానలకు ముందు మిద్దె ఎక్కి కొత్త చవుడు పొయ్యాలి. ఆ పని చెయ్యవలసిన మనిషి ఆ నెలల్లో బెంగుళూరులో వుంటాడు. రెండు మూడేళ్ళు చవుడు పడకపోతే దంతెలు పుచ్చుతాయి. తరువాత ఏదో ఒక ఏడు మూడురోజులు ముసురు పడితే చాలు, గోడ నాని ఒరుగుతుంది. కరువు సీమలో ఇళ్ళు కూలేది వానకేనంటే బయటివారికి నమ్మశక్యంగా వుండదు.

అందువల్ల ఇక్కడ పక్కా ఇల్లు కోరడం గొప్పలకు కాదు. వలసపోయేవారు ముసలివారిని, పిల్లలను ఏ కప్పు కింద విడిచిపోతారన్నదే అందులోని అసలు సమస్య.

యాభై ఏళ్ళ పథకాలు

పేదలకు ఇళ్ళస్థలాలు ఇవ్వాలన్న మాట 1975 నాటి 20 సూత్రాల కార్యక్రమంలోనే వున్నది. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. 1985లో కేంద్రప్రభుత్వం ఇందిరా ఆవాస్ యోజన ప్రవేశపెట్టింది. 2006లో ఇందిరమ్మ పథకం వచ్చింది. గ్రామాలను మూడు విడతలుగా తీసుకుని, తీసుకున్న ఊళ్ళో అర్హులందరికీ ఇళ్ళు ఇవ్వాలన్నది దాని సంకల్పం. 2016 నుంచి ఇందిరా ఆవాస్ స్థానంలో ప్రధానమంత్రి ఆవాస్ యోజన నడుస్తున్నది. 2011 నాటి సామాజిక ఆర్థిక గణనలోని పేర్లను గ్రామసభలో చదివి ఖాయపరచాలన్నది ఆ పథకంలోని నియమం.

2020 డిసెంబరు 25న రాష్ట్రంలో సుమారు 30 లక్షలమంది మహిళల పేర ఇళ్ళపట్టాల పంపిణీ మొదలయింది. పల్లెల్లో ఒక్కొక్కరికి సెంటున్నర. ఇంటి నిర్మాణానికి యూనిట్ ధర 1 లక్ష 80 వేల రూపాయలు. పట్టా ఆడవారి పేర ఇవ్వడం మంచి పని అని అందరూ ఒప్పుకున్నదే. చర్చ అంతా ఆ సెంటున్నర దగ్గరా, స్థలం వున్న చోటు దగ్గరా వచ్చింది.

సెంటున్నర చాలునా?

సెంటున్నర అంటే 72 గజాల పైచిలుకు. పట్నంలో గది, వంటిల్లు వేసుకోవడానికి అది సరిపోతుందేమో. పల్లెలో ఇల్లంటే మనుషులకు మాత్రమే కాదు. నాలుగు గొఱ్ఱెలున్నవారికి దొడ్డి కావాలి. ఎనుము వున్నవారికి కొట్టం కావాలి. వేరుశనగ కట్టె వామి వేసుకోవడానికి జాగా కావాలి. పశువులకు ఏడాదంతా మేత ఆ కట్టే. దానిని ఊరిబయట వదిలి ఇంటి తాళం వేసుకుని పడుకోలేరు.

2025 జనవరిలో రాష్ట్ర మంత్రివర్గం గ్రామాల్లో 3 సెంట్లు, పట్టణాల్లో 2 సెంట్లు ఇవ్వాలని నిర్ణయించింది. అదే ఏడు మార్చిలో, మధ్యలో ఆగిన ఇళ్ళు పూర్తిచేసుకునేందుకు వెనుకబడిన తరగతుల వారికి, షెడ్యూల్డు కులాల వారికి 50 వేలు, షెడ్యూల్డు తెగల వారికి 75 వేలు, ఆదిమ తెగల వారికి లక్ష రూపాయల అదనపు సహాయం ప్రకటించింది. 3 సెంట్లంటే 145 గజాలు. గొఱ్ఱెల దొడ్డికి జాగా దొరికినట్లే. మొదటిసారే పల్లెవారిని అడిగి వుంటే ఈ మాట ముందే చెప్పి వుండేవారు.

నీళ్ళెక్కడ?

కాలనీకి స్థలం చూపించినప్పుడు ఏ ఊళ్ళోనైనా ఆడవారు మొదట అడిగేది నీళ్ళ గురించి. కంబదూరు వంటి చోట అందుకు రెండు కారణాలు. ఒకటి తాగడానికి. కల్యాణదుర్గం ప్రాంతపు పల్లెలకు పెన్నహోబిలం జలాశయం నుంచి శ్రీరామరెడ్డి తాగునీటి పథకం కింద నీళ్ళు రావాలి. పైపు ఊరిదాకా వస్తుంది గాని, ఊరికి దూరంగా వేసిన కాలనీకి ఇంకొక పైపు వెయ్యాలి. రెండవది ఇల్లు కట్టడానికి. మట్టి మిద్దెకు బురద చాలు. సిమెంటు పనికి నీళ్ళు పోసి గోడలు, కప్పు రోజుల తరబడి తడపాలి. బోరు పడని గుట్టపక్క స్థలమైతే ట్యాంకరు కొనాలి. ఆ ఖర్చు యూనిట్ ధరలో కలవదు. పునాది లేచి ఆగిపోయిన ఇంటి వెనుక చాలాసార్లు ఈ నీళ్ళ లెక్కే వుంటుంది.

దారి, కరెంటు, బడి, శ్మశానానికి పోయే తోవ, వంకనీరు పారే పల్లం, ఇవన్నీ స్థలం కొలిచే ముందు అడగవలసినవి. ఏ చేను వానకు మునుగుతుందో, ఏ గట్టున రాయి తగులుతుందో ఊళ్ళోని ముసలివారికి నోటిలెక్కగా తెలుసు. పటంలో అది కనిపించదు.

లాతూరు నేర్పిన పాఠం

అడగకుండా కట్టిన ఊళ్ళు ఏమవుతాయో మహారాష్ట్రలోని లాతూరు జిల్లాను చూస్తే తెలుస్తుంది. 1993 సెప్టెంబరు 30న అక్కడ భూకంపం వచ్చి వేలమంది చనిపోయారు. అక్కడి ఇళ్ళు కూడా మన మిద్దెలవంటివే. రాతిగోడలు, మీద మందమైన మట్టికప్పు. ఆ తరువాత యాభైకి పైగా ఊళ్ళను వేరేచోట కొత్తగా కట్టించారు. తిన్నని వీధులు, వరుస ఇళ్ళు వేశారు. పొలాలు దూరమయ్యాయని, ఇరుగుపొరుగు చెదిరిపోయిందని, పశువులకు చోటు లేదని జనం చెప్పుకున్నారు. ఊరు కదలకుండా పాతచోటనే ఇళ్ళు బాగుచేసుకున్న గ్రామాల్లో వేరే పద్ధతి పెట్టారు. ఎవరి ఇల్లు వారే కట్టుకున్నారు. అధికారులకూ జనానికీ మధ్య మాట చేరవెయ్యడానికి మహిళా సంఘాలను నియమించారు.

మన జిల్లాలోనే ఇంకొక ఉదాహరణ వున్నది. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ, అంటే ఆర్.డి.టి., పల్లెల్లో పేదలకు వేలాది ఇళ్ళు కట్టించింది. ఊరి సంఘాలతో కూర్చుని పని సాగించడం, ఇల్లు ఇల్లాలి పేర పెట్టడం ఆ సంస్థ పాటించిన పద్ధతి. ఇచ్చినవారు ఎవరైనా, ముందు కూర్చుని మాట్లాడిన చోట ఇంట్లో దీపం వెలిగింది.

పేరు చదివితే చాలదు

ఊరి మధ్య జాబితా చదివే అలవాటు ఈ జిల్లాకు కొత్త కాదు. 2006 ఫిబ్రవరి 2న దేశంలో ఉపాధి హామీ పథకం మొదలయింది నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఆ పథకం వెంట సామాజిక తనిఖీ వచ్చింది. మస్టరులో ఎవరి పేరున ఎన్ని రోజులు వ్రాశారో, ఎంత కూలి చూపించారో జనం ముందు చదువుతారు. పని చెయ్యనివారి పేరు చదివితే పక్కింటివారికి తెలిసిపోతుంది. ఇళ్ళ జాబితాకూ ఇదే మందు. సచివాలయం గోడకు కాగితం అంటించినంత మాత్రాన చదువు రానివారికి ఒరిగేది లేదు. ఊరు విడిచి వున్నవారికి అసలే లేదు.

విచారణకు వచ్చినప్పుడు తాళం వున్న ఇంటికి ఎదురుగా ఏమని వ్రాసుకుంటారన్నది మరొక ముఖ్యమైన సంగతి. “వలస వెళ్ళారు” అని వ్రాసి ఊరుకుంటే ఆ పేరు జాబితానుంచి జారిపోయే ప్రమాదం వున్నది. వలస పోవడమే పేదరికానికి గుర్తు. ఆ గుర్తునే అనర్హతగా లెక్కవేస్తే న్యాయం తలకిందులవుతుంది. 2024లో ఆవాస్ ప్లస్ సర్వేలో ఫోనులో ఎవరి వివరాలు వారే నమోదు చేసుకునే వీలు కల్పించారు. మంచిదే. కాని మంచి ఫోను, చదువు వున్నవారికే అది అందుతుంది.

పండుగనాడు సభ

దీనికి మార్గం పెద్ద ఖర్చుతో కూడినది కాదు. బెంగుళూరు వెళ్ళినవారు ఏ నెలలో రాకపోయినా ఉగాదికి వస్తారు. ఊరి జాతరకు వస్తారు. మొహర్రంలో పీర్ల పండుగకు హిందువులూ ముస్లిములూ కలిసి అగ్గిగుండం చుట్టూ చేరతారు. శ్రీరామనవమికి పానకం పంచేచోట, చెక్కభజన జరిగేచోట ఊరంతా వుంటుంది. ఆ మరునాడు ఉదయం రచ్చకట్ట దగ్గర ఇళ్ళ సభ పెడితే పిలవకుండానే జనం దొరుకుతారు. పోలింగు నాడు బెంగుళూరు నుంచి ఓటర్లను బస్సుల్లో రప్పించడం అన్ని పార్టీలకూ చేతనయిన పనే. సభకు బస్సులు కూడా అక్కరలేదు. తేదీ మార్చితే చాలు.

సభకు వారం ముందు దండోరా వేయించాలి. స్థలం పటం సభలోనే పరచి, దిక్కులు చెప్పి, సభ ముగిసిన తరువాత ఆడవారితోసహా అందరూ నడిచివెళ్ళి ఆ చోటు చూడాలి. జాబితాలో పేరున్నవారివే కాక, పేరు తీసివేసినవారివి కూడా కారణంతో సహా చదవాలి. రాలేనివారి అర్జీని ఇంటివారి చేత ఇప్పించుకుని రసీదు ఇవ్వాలి. వచ్చిన ఆక్షేపణలు తీర్మానాల పుస్తకంలో వ్రాసి, అక్కడికక్కడే చదివి సంతకాలు, వేలిముద్రలు తీసుకోవాలి. సభ ముగిసి జనం లేచిపోయిన తరువాత వ్రాసే తీర్మానం ఊరి తీర్మానం కాజాలదు.

కోరవలసిన బాధ్యత ఊరివారి మీద కూడా వున్నది. ఓటర్లు తగినంతమంది వ్రాతపూర్వకంగా అడిగితే గ్రామసభ పెట్టడానికి చట్టంలో వీలున్నది. పండుగకు వచ్చినవారు తేరు లాగి, అలుగులు తిని, మరునాటి బస్సు ఎక్కేముందు ఒక కాగితం మీద సంతకం చేస్తే ఆ హక్కు పనిచేస్తుంది. కంబదూరు మండలంలో వచ్చే ఉగాదికైనా ఇటువంటి సభలు జరిపేందుకు పంచాయతీ, రెవెన్యూ, గృహనిర్మాణ శాఖల అధికారులు కలిసి తేదీలు నిర్ణయించి, ముందుగా ప్రకటించవలసి వున్నది.