వెనుకకు నడుచునప్పటి వెలుగు: ట్రైలరు రివర్సు దీపములను గూర్చిన అపోహలు – వాస్తవములు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో నివాసమును వాహనము వెంట లాగికొనిపోవుచు దేశాటనము చేయు వాడుక నేటిది కాదు. వాలీ బయం స్థాపించిన ఎయిర్‌స్ట్రీమ్ సంస్థ 1931 నాటిది. ఇండియానా రాష్ట్రమందలి ఎల్క్‌హార్ట్ పట్టణము ఈ పరిశ్రమకు చిరకాలముగా ముఖ్యస్థానమై యున్నది. డల్లాస్, న్యూజెర్సీ, బే ఏరియా ప్రాంతములలో స్థిరపడిన తెలుగువారిలోను కొందరు సెలవుదినములలో బిడ్డలను వెంటబెట్టుకొని ఇట్టి ట్రైలరులతో ప్రయాణము చేయుచున్నారు. పగటివేళ అంతగా స్ఫురింపని ఒక లోపము చీకటి పడిన పిమ్మట క్యాంపుగ్రౌండు చేరినప్పుడు ప్రత్యక్షమగును. చెట్ల నడుమనున్న ఇరుకు స్థలములోనికి ముప్పది అడుగుల ట్రైలరును వెనుకకు నడపవలసి వచ్చినప్పుడు, ట్రక్కు వెనుకనున్న తెల్లని దీపములు ట్రైలరు ముందుగోడను మాత్రమే ప్రకాశింపజేయును. ఆ గోడకు ఆవల, వాహనము నిజముగా పోవుచున్న దిక్కున, విద్యుత్తు స్తంభము, నీటి కొళాయి, పిక్నిక్ బల్ల, ఒక్కొక్కప్పుడు ఆటలో మునిగియున్న పసిబిడ్డ, సమస్తమును అంధకారముననే యుండును. అందుచేత ట్రైలరు వెనుకగోడపై రివర్సు దీపము వెలుగుట సౌకర్యమాత్రము కాదని నా నిశ్చితాభిప్రాయము. అది వెలుగకపోవుటకు కారణము దీపములో కంటె, దానికి విద్యుత్తు చేరు మార్గములోనే తరచుగా ఉండును; ఆ మార్గమును ఆసాంతము అనుసరింపక నడుమ ఊహించుటవలననే ఇచ్చట పేర్కొను అపోహలలో అధికభాగము పుట్టుచున్నవి.

“కొన్ననాడే చట్టప్రకారము ఈ దీపములు ట్రైలరుకు అమర్చబడియే యుండును” అనునది మొదటి భ్రమ. వాహనదీపములను శాసించు 108వ ఫెడరల్ భద్రతా ప్రమాణము కార్లు, ట్రక్కులు, బస్సులు మున్నగువానికి రివర్సు దీపమును విధించినదే కాని, ట్రైలరులకు విధింపలేదు. తోకదీపము, బ్రేకుదీపము, మలుపుదీపము ట్రైలరునకు తప్పనిసరి. రివర్సు దీపము నిర్మాత ఇష్టము. కావున వెనుకగోడపై తెల్లని గాజుముక్క కనబడనప్పుడు చెడిపోయిన దీపమును వెదకుట వ్యర్థము. అచ్చట దీపమే యుండకపోవచ్చును. తెల్లని గాజు కనబడినను దాని వెనుక బల్బుగాని తీగగాని యున్నదను నమ్మకము లేదు.

రెండవది, కెమేరా యుండగా దీపమెందులకను మాట. 2018 మే నెలనుండి అమెరికాలో విక్రయించుటకై తయారగు ప్రతి నూతన తేలికపాటి వాహనమునకు వెనుక కెమేరా విధిగా ఉండవలెనను నియమము సంపూర్ణముగా అమలులోనికి వచ్చినది. అది మిక్కిలి మంచి నియమము. అయినను ట్రైలరును తగిలించిన మరుక్షణమే ఆ కెమేరాకు కనబడునది ట్రైలరు ముందుగోడ మాత్రమే. ట్రైలరు వెనుక వేరొక కెమేరాను బిగించుకొన్నవారికి సైతము, అది చూపు దృశ్యము అచ్చట పడు వెలుగును బట్టియే యుండును. పరారుణకాంతితో చీకటిలో చూడగల కెమేరాలు కలవు గాని వాని చూపు కొంత దూరమునకే పరిమితము. పైగా వెనుక నిలిచియున్న మనుష్యునకు బండి తనవైపు వచ్చుచున్నదని తెలుపు సంకేతము ఆ తెల్లని దీపమే. కెమేరా అతనికేమియు చెప్పజాలదు.

ఇక విద్యుత్తు మార్గమునకు వత్తము. ట్రక్కు వెనుక ఏడు కొనల కనెక్టరు ఉన్నచో రివర్సు విద్యుత్తు దానంతట అదియే వచ్చునను విశ్వాసము మిక్కిలి వ్యాపించినది. చుట్టునున్న ఆరు చదునైన రేకులును, నడుమనున్న గుండ్రని పిన్నును కలసి ఏడు. రివర్సు సంకేతమునకు కేటాయింపబడినది ఆ నడిమి పిన్ను. కేటాయింపు వేరు, సంధానము వేరు. కర్మాగారమునందే లాగుడు సామగ్రితో వచ్చిన ట్రక్కులలో సైతము కొన్నింట ఆ మార్గమునకు సంబంధించిన ఫ్యూజునో రిలేనో ప్రత్యేకముగా పెట్టుకొనవలసి యుండును. అది ఆ వాహనపు చేతిపుస్తకమునందు ఫ్యూజుల పట్టికలో చూచుకొనదగినది. తరువాత బిగించుకొన్న కనెక్టరు కిట్లలో అనేకమందు నడిమి పిన్నునకు తీగయే వదలివేయబడును, లేదా వెలుపలికి వచ్చిన తీగ ఎచ్చటను చేర్చబడక వ్రేలాడుచుండును. నాలుగు తీగల చదునైన కనెక్టరునకు అడాప్టరు తగిలించి ఏడుగా మార్చుకొన్నవారికైతే ఆ మార్గము ఉండుటకే అవకాశము లేదు: ఆ నాలుగింటిలో గ్రౌండు, తోకదీపము, ఎడమ, కుడి మాత్రమే యుండును.

ట్రైలరు వైపునను ఇదే స్థితి. ముందుభాగమున, ఇనుప చట్రమునకు బిగించిన చిన్న పెట్టెలో కనెక్టరు తీగలన్నియు కలియును. అందు నడిమి పిన్ను తీగ చివర టోపీ తొడిగి వదలివేయబడి యుండుట సర్వసాధారణము. వెనుకకు పోవలసిన తీగను కర్మాగారము వేయనేలేదు. అట్టిచోట బల్బు మార్చుట వలన ఫలమేమి? చట్రము వెంబడి క్రొత్త తీగను వెనుకదాక నడపుట ఒక్కటే ఉపాయము.

తీగల రంగును బట్టి పని చేయవచ్చునను అపోహ అన్నింటికంటె ఎక్కువ చిక్కులు తెచ్చునది. అమెరికాలో రెండు వర్ణసంప్రదాయములు పక్కపక్కనే నడచుచున్నవి. ఇంటిట్రైలరుల పాత ఆచారములో ఆకుపచ్చ తోకదీపములకు, ఎరుపు ఎడమ మలుపునకు, గోధుమరంగు కుడి మలుపునకు, పసుపు రివర్సునకు చెందును. సాధారణ సరకు ట్రైలరుల ఆచారములోనైతే గోధుమరంగు తోకదీపములది, పసుపు ఎడమ మలుపుది, ఆకుపచ్చ కుడి మలుపుది. నడిమి పిన్నునకు ఊదారంగు తీగ వచ్చును. పసుపు తీగను చూచినంతనే రివర్సు తీగయని నిశ్చయించి దీపమును దానికి కలిపినవానికి, ఎడమవైపు మలుపు సంకేతము వేసినప్పుడెల్ల వెనుకనున్న తెల్లదీపము మిణుకుమిణుకుమనుట కనబడును. తెలుపు గ్రౌండునకు, నీలము ట్రైలరు బ్రేకునకు, నలుపు బ్యాటరీ విద్యుత్తునకు అనుట మాత్రము రెండు ఆచారములకును సమానమే. అయినను ట్రైలరు పూర్వయజమాని ఏమి మార్చినాడో రంగు చెప్పలేదు గనుక, ప్రతి తీగను కొలిచి తెలిసికొనుటయే శరణ్యము. భారవాహనములకు వాడు గుండ్రని పిన్నుల కనెక్టరు చూపునకు దీనిని పోలియుండును. అందు నడిమి పిన్ను బ్రేకుల నియంత్రణ యంత్రమునకు విద్యుత్తు నందించునదే కాని రివర్సునకు సంబంధించినది కాదు.

క్రొత్త తీగ నడపుట శ్రమయని భావించి, తోకదీపపు తీగనుండియే విద్యుత్తును తీసికొనవచ్చునని సలహా ఇచ్చువారున్నారు. వెలుగు వచ్చును, నిజమే. కాని రాత్రి రహదారిపై ముందుకు సాగుచున్నంతసేపును వెనుకవచ్చువారి కన్నులలో తెల్లని కాంతి పడుచుండును, బండి వెనుకకు వచ్చుచున్నదని వారు భ్రమించుటకును కారణమగును. ముందుకు నడచునప్పుడు రివర్సు దీపము వెలుగరాదని పైనచెప్పిన ప్రమాణమే శాసించినది.

విద్యుత్తు చేరుట ఎంత ముఖ్యమో తిరిగి పోవుటయు అంత ముఖ్యము. ట్రక్కునకును ట్రైలరునకును మధ్య ఇనుప బంతి, దానిపై కూర్చొను ఇనుప గిన్నె యున్నవి గదా, గ్రౌండునకు అవియే చాలునని కొందరు తలచెదరు. గ్రీజు పూసిన, తుప్పుపట్టిన, ప్రతి కుదుపునకు కదలు ఆ సంధిని నమ్మరాదు. కనెక్టరులోని తెల్లతీగయే గ్రౌండు. దీపము దగ్గరను చట్రమునకు మర బిగించినప్పుడు రంగును, తుప్పును గీకి, మెరయు లోహమును బయల్పరచి బిగించవలెను. వీలైనచో గ్రౌండు తీగను కూడ విడిగా వెనుకకు నడపుట మేలు. ఒక దీపము వెలుగగనే మరియొకటి మసకబారుట, మలుపు సంకేతముతో రివర్సు దీపము లీలగా కదలుట, ఇవి గ్రౌండు దోషమునకు గురుతులు.

మల్టీమీటరు పండ్రెండు వోల్టులు చూపినచో మార్గము సరియేనను నమ్మకమును సవరించుకొనదగినది. మీటరు అత్యల్పమైన విద్యుత్తునే గ్రహించును గనుక, తుప్పుపట్టి పోగులు తెగి ఒకే పోగుతో నిలిచిన తీగయందు సైతము పూర్తి వోల్టులను చూపును. బల్బు భారము పడినంతనే ఆ వోల్టులు మాయమగును. అందుచేత బల్బుగల టెస్టు లైటుతో, అనగా నిజముగా విద్యుత్తును వినియోగించు పరికరముతో పరీక్షింపవలెను. చక్రములకు అడ్డుకట్టెలు పెట్టి, పార్కింగు బ్రేకు వేసి, ఇంజను నడపక తాళపుచెవిని మాత్రము త్రిప్పి, ఒకరు బ్రేకుపై కాలుంచి రివర్సు గేరు వేయగా మరియొకరు ప్రక్కన నిలిచి మొదట ట్రక్కు సాకెటునందును, పిమ్మట ముందుపెట్టెయందును, చివరకు దీపముకడను చూచుచు పోయినచో వెలుగు ఎచ్చట ఆగినదో తెలియును.

తీగ సన్నముగా ఉన్నను పరవాలేదను మాటకు లెక్కయే సమాధానము. 1156 రకపు బల్బు సుమారు 27 వాట్లది, 12.8 వోల్టులకడ 2.1 ఆంపియరులు తీసికొనును. రెండు బల్బులకు 4.2 ఆంపియరులు. ముప్పది అయిదడుగుల దూరము పోయి తిరిగివచ్చు మార్గము డెబ్బది అడుగులు. 16 గేజి రాగితీగ వేయి అడుగులకు నాలుగు ఓములు గనుక, దారిలో నష్టమగునది సుమారు 1.2 వోల్టులు. ఇది పదింట ఒక వంతే గదాయని తోచును. కాని తంతు బల్బు వెలుగు వోల్టులతోపాటు సమముగా తగ్గునది కాదు, ఎంతో వేగముగా పడిపోవును. ఈ నష్టమునకే వెలుగులో నాలుగవ వంతునకు పైగా పోవును. అంతకంటె లావైన 14 గేజి తీగ వేసినచో నష్టము ముప్పాతిక వోల్టునకు దిగును. ఎల్.ఇ.డి. దీపములు చాల తక్కువ విద్యుత్తును కోరును గనుక ఈ బాధ వానికి అల్పము. ఇంటిట్రైలరునకు నేను సిఫారసు చేయునది వానినే. అయితే వానికి ధన, ఋణ భేదము కలదు. తీగలు తారుమారైన వెలుగవు. కొన్ని నూతన ట్రక్కుల కంప్యూటరు ట్రైలరు తగిలియున్నదో లేదో తెలిసికొనుటకు పంపు చిన్న స్పందనలకు ఎల్.ఇ.డి. దీపము లీలగా మినుకుమనుటయు కలదు. అది దీపదోషము కాదు.

గొప్ప వెలుగునిచ్చు పనిదీపములను నేరుగా నడిమి పిన్నునకు కలుపుట మాత్రము తగదు. ట్రక్కు ఫ్యూజు కాలును. అట్టివానికి రిలే, అనగా చిన్న విద్యుత్తుతో పెద్ద విద్యుత్తును కలుపు స్విచ్చి, కావలెను. నడిమి పిన్ను విద్యుత్తు రిలేలోని 86వ కొనకు, గ్రౌండు 85నకు, ట్రైలరు బ్యాటరీనుండి, దానికి సమీపముననే ఫ్యూజు పెట్టి తెచ్చిన తీగ 30నకు, దీపములు 87నకు. అప్పుడు ట్రక్కు మోయు భారము రిలే చుట్టనుండి పోవు ఆంపియరులో ఐదవ వంతు మాత్రమే.

కనెక్టరునందు పూయు డైఎలెక్ట్రిక్ గ్రీజు విద్యుత్తును ప్రవహింపజేయునని తలచుట తప్పు. అది నిరోధకము, నీటిని, తుప్పును దరిచేరనీయకుండుటయే దాని పని. మొదట పిన్నును శుభ్రపరచి పిమ్మట పలుచగా పూయవలెను.

క్యాంపునందు ఆగియున్నప్పుడును ఈ దీపములు పనికివచ్చునని, బ్యాటరీనుండి ఒక స్విచ్చి తెచ్చి రివర్సు తీగకే కలుపువారు కలరు. ఆ విద్యుత్తు దీపములకే పోవునని వారి నమ్మకము. కాని నడిమి పిన్నుగుండ వెనుకకు ప్రవహించి ట్రక్కు రివర్సు మార్గములోనికి చొరబడును, ట్రక్కు ముందుకు పోవుచున్నను దాని తెల్లదీపములు వెలుగవచ్చును. రెండు మూలములలో ఒకదానినే ఎన్నుకొను, నడుమ ఆపివేయు స్థానము గల స్విచ్చి దీనికి తగినది: ఒకవైపు ట్రక్కు సంకేతము, మరియొకవైపు బ్యాటరీ, రెండును ఎన్నడును కలియవు. దానిని రాకపోకలు సాగు తలుపుప్రక్కన అమర్చి, బయలుదేరుటకు ముందు చూచుకొను అంశముల పట్టికలో చేర్చి, ట్రక్కు వైపునకు త్రిప్పిన పిమ్మటనే బండిని కదలించవలెను.