ఎం.ఎస్. రోగులకు ఇంటిపట్టున మేధోవ్యాయామము: అపోహలు, వాస్తవాలు

విజయనగరమున 1919లో నెలకొన్న సంగీత కళాశాలకు తొలి ప్రధానాధ్యాపకులైన ఆదిభట్ల నారాయణదాసుగారు, చేతులతో రెండును పాదములతో రెండును తాళములు వేయుచు పల్లవి పాడెడివారని పెద్దలు చెప్పగా వినని వారు ఈ సీమలో అరుదు. అట్టి అవధానవిద్యపై మక్కువ పెంచుకొన్న మనకు, బుద్ధిని ఒకచోట సానబట్టినచో అన్ని పనులయందును పదునెక్కునను నమ్మకము సహజమే. మల్టిపుల్ స్క్లిరోసిస్ (ఎం.ఎస్.) రోగుల విషయమున మాత్రము ఆ నమ్మకము ఒకప్పుడు లేనిపోని ఆశకును, అది ఫలింపనప్పుడు అకారణమైన నిరాశకును దారితీయుచున్నది.

“ఇది కాళ్ళ జబ్బు గదా, బుర్రకేటౌతాది?”

దేహరక్షణశక్తి దారితప్పి, మెదడులోను వెన్నుపాములోను నాడీతంతువులను కప్పియుండు మైలిన్ అను పొరను దెబ్బతీయుటచే ఈ వ్యాధి కలుగును గనుక, నడకతోపాటు ఆలోచనయు మందగించుట వింతగాదు. 1868లో పారిస్ వైద్యుడు షార్కో దీనిని వర్ణించినప్పుడే జ్ఞాపకశక్తి సడలుటను గుర్తించియుండెను. నేటి లెక్కల ప్రకారము నూటికి 40 నుండి 65 మంది రోగులలో ఈ మాంద్యము ఏదో ఒక పాటి కానవచ్చును. అందును మొదట తగ్గునది వేగము. సంతలో చిల్లర లెక్క రాకపోదు, వెనుకనున్నవారు తొందరపెట్టుచుండగా రాదు.

“నరాల బలహీనత. రెండు సూదులేయిస్తే సర్దుకుంటాది.”

ఈ మాట మన యూళ్ళలో తిమ్మిరి మొదలు నీరసము వరకు అన్నిటికిని సరిపోవుటయే చిక్కు. ఎం.ఆర్.ఐ. చూచి నాడీవైద్యుడు నిర్ణయించు మందులకు విటమిను సూదులుగాని, మేధోవ్యాయామముగాని బదులు కానేరవు.

“ఫోనులో ఆటలాడితే చాలు, బుర్ర అదే పదునెక్కుతాది.”

2017లో ప్రకటితమైన న్యూయార్కు పరిశోధన యొకటి ఈ సందేహమునే పరీక్షించెను. 135 మంది రోగులు తమ యిండ్లలోనే, దూరమునుండి పర్యవేక్షకులు గమనించుచుండగా, 12 వారములు కంప్యూటరు ముందు కూర్చుండిరి. కొందరికి, వారి నేర్పు పెరిగినకొలది తామును కఠినమగు అభ్యాసములు ఈయబడెను. తక్కినవారికి సాధారణమైన ఆటలు. పరీక్షలలో మొదటివారే హెచ్చుగా మెరుగుపడిరి. ఇంటిపట్టున సాధన సాధ్యమని దీనివలన తేలినది; ఏ ఆటయైనను ఒకటే యనుట చెల్లదనియు తేలినది. వామనగుంటలను నేను తక్కువ చేయను. గింజలు పంచుచు ఎదుటివారి గుంటల లెక్క మనసున నిలుపుకొనుట చక్కని కసరత్తే. కాని ఆ యాటలో ఆరితేరినంత మాత్రమున మాత్ర వేసికొను వేళ గుర్తుండదు. ఏది సాధన చేసిన ప్రధానముగ అదియే మెరుగగును గనుక, నిత్యము తడబడు పనినే సాధనకు ఎన్నుకొనవలెను.

గుర్తుంచుకొనుటకొక చక్కని మార్గము కలదు. అమెరికాలోని కెస్లర్ ఫౌండేషన్ వారు 2013లో 86 మంది రోగులతో చేసిన పరిశోధనలో, గుర్తుంచుకొనవలసిన మాటలను కథగా అల్లి, మనసున బొమ్మగట్టుట నేర్చినవారికి ధారణ మెరుగుపడెను. పలాస జీడిపప్పు, ఉద్దానపు కొబ్బరికాయ, వత్తులు, సబ్బు కొనవలెననుకొందము: కొబ్బరికాయ జాతరలో సిరిమానెక్కి జీడిపప్పులు వెదజల్లుచుండగా, వత్తుల వెలుగులో సబ్బుబిళ్ళ జనముపైకి జారిపడెను! కథ ఎంత వింతయైన అంత గుర్తు.

“ఎంతసేపు చేస్తే అంత గుణం.”

అలసట ఈ వ్యాధికి తోబుట్టువు. ఒంటి వేడి పెరిగినప్పుడు లక్షణములు తాత్కాలికముగ ముదురును; శ్రమపడినప్పుడు చూపు తాత్కాలికముగ మసకబారుటను జర్మను నేత్రవైద్యుడు ఊట్‌హాఫ్ 1890లోనే గమనించెను. వైశాఖమాసపు మధ్యాహ్నము, కరెంటు పోయిన గదిలో తప్పిన లెక్కలను చూచి రోగము పెరిగినదని బెంబేలుపడక, చల్లని ప్రొద్దున కొద్దిసేపు చేసి విశ్రమించుట మేలు. నిద్రలేమి, దిగులు కూడ ఆలోచనను నెమ్మదింపజేయును. వాటికి వేరుగ చికిత్స అవసరము.

“చీటీ మీద ఆధారపడితే ఉన్న గురుతూ పోతాది.”

పోదు. చీటీ, గోడమీది కాలెండరు, ఫోను అలారము చికిత్సలో భాగములే. ఇంటివారికిని కొంత అభ్యాసము కావలయును: టీవీ కట్టివేసి, ఒక్కరే అడిగి, ఒక్క ప్రశ్నయే అడిగి, జవాబు వచ్చువరకు రెండవవారు అందుకొనకుండుట.