పాత కంప్యూటరు పనిచేయనిచో చూడవలసినవి

2022 జూన్ నెలలో కేంద్ర ప్రభుత్వము దేశమందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల కంప్యూటరీకరణకు 2,516 కోట్ల రూపాయల పథకము నామోదించెను. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో పాత యంత్రములను వాడుచున్న వారుకూడ నీ క్రింది క్రమము నెఱుంగుట మేలు. యంత్రము మొరాయించినచో రైతు ఋణపు లెక్క నిలిచిపోవును.

ఆయిల్ ఇంజను కదలనిచో మనము ముందుగా నూనెను చూతుము గాని ఇంజనును విప్పము. ఇచ్చటను అట్లే.

మొదట విద్యుత్తు. గోడ ప్లగ్గులో వేఱొక దీపము వెలిగించి చూడవలెను. పెట్టె వెనుక స్విచ్చును, తీగల బిగింపును పరీక్షింపవలెను. అన్నియు సరిగానుండియు లోపలి పంకా తిరుగనిచో, లోపము తఱచుగా విద్యుత్తు నందించు పవర్ సప్లైయందుండును. దానిని విప్పరాదు, తీగ తీసిన పిమ్మటను అందు అపాయకరమగు విద్యుత్తు నిలిచియుండవచ్చును.

పంకా తిరుగుచు, తెర నల్లగానుండి, కూతలు వినబడినచో, తీగ తీసి పెట్టె తెఱచి, ఇనుప చట్రమును తాకి, పిమ్మట ర్యామ్ పలకను వెలికిదీయవలెను. దాని పసిడి అంచును మెత్తని రబ్బరుతో తుడిచి మరల గట్టిగా నమర్చవలెను. దుమ్మును, తేమయు ఈ అంచులకు శత్రువులు.

తేదీ మాటిమాటికి వెనుకకు పోవుచున్నచో నాణెమువంటి 3 వోల్టుల బ్యాటరీని మార్చవలెను. తేదీ తప్పినచో వడ్డీయు తప్పును.

హార్డు డిస్కు టకటక కొట్టుకొనుచో వెంటనే ఆపి నిపుణుని పిలువవలెను. మరల మరల నడపినచో మిగిలిన లెక్కలకును ముప్పు. యంత్రమును కొనవచ్చును, పోయిన లెక్కను కొనలేము. కావున ప్రతి సాయంకాలము లెక్కల నకలు వేఱొకచోట భద్రపఱచుడు.