తొమ్మిదిలో చేరితే... కొలువు దాకా!

బడి పని బడిది, కాలేజీ పని కాలేజీది. చదువంతా అయ్యాక ఉద్యోగానికి వెళ్తే ‘నీకు పని రాదే’ అంటుంది కంపెనీ. మరి ఆ ముగ్గురూ మొదటి రోజే చేతులు కలిపితే? న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో జరిగింది అదే.

2011 సెప్టెంబరులో అక్కడి క్రౌన్ హైట్స్ ప్రాంతంలో ఓ సర్కారీ బడి మొదలైంది. పేరు పీ-టెక్. నగర విద్యాశాఖ, సిటీ యూనివర్సిటీ ఆఫ్ న్యూయార్క్, ఐబీఎం... ముగ్గురూ భాగస్వాములే. ప్రవేశపరీక్ష లేదు, మార్కుల వడపోత లేదు. చేరినవాళ్లలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో పిల్లలు, పేదిళ్లవాళ్లు.

అమెరికాలో హైస్కూలు చదువు నాలుగేళ్లు. ఇక్కడ మాత్రం ఆరేళ్ల దాకా చదవొచ్చు. తొమ్మిదో తరగతిలో చేరిన విద్యార్థి హైస్కూలు పట్టాతోపాటు రెండేళ్ల కాలేజీ డిగ్రీ కూడా పుచ్చుకుని బయటికి రావచ్చు. అదీ పైసా ఫీజు లేకుండా! కాలేజీ అనగానే అప్పులు గుర్తొచ్చే దేశంలో ఇది చిన్న విషయం కాదు.

ఉద్యోగానికి ఏయే నైపుణ్యాలు కావాలో కంపెనీ చెబుతుంది. దాన్నిబట్టి పాఠాలు అల్లుతారు. విద్యార్థులకు దారి చూపడానికి ఐబీఎం ఉద్యోగులు మెంటర్లుగా ఉంటారు. జీతమిచ్చే ఇంటర్న్‌షిప్‌లూ ఉంటాయి. సిద్ధంగా ఉంటే చాలు, పదో తరగతి పిల్లలైనా కాలేజీ పాఠాలకు వెళ్లొచ్చు.

2013 అక్టోబరులో అప్పటి అధ్యక్షుడు ఒబామా ఈ బడికి వచ్చి మెచ్చుకున్నారు. 2015లో ఆరుగురు విద్యార్థులు ఆరేళ్ల చదువును నాలుగేళ్లకే ముగించారు. వాళ్లలో కొందరు ఐబీఎంలో చేరితే, మిగిలినవాళ్లు పైచదువులకు వెళ్లారు. ఆ తర్వాత ఈ నమూనా ఎన్నో దేశాలకు పాకింది.

అన్నీ విజయాలే కాదు. పునాది గట్టిపడకముందే కాలేజీ పాఠాలకు వెళ్లి తప్పినవాళ్లూ ఉన్నారు. కొలువు కూడా ఖాయం కాదు. ఐబీఎం మాటిచ్చింది ఇంటర్వ్యూ వరుసలో ముందు చోటు వరకే.

ఆరేళ్ల చదువు మనకీ కొత్తేం కాదు. 2008లో నూజివీడు, బాసర, ఇడుపులపాయల్లో మొదలైన ట్రిపుల్‌ఐటీలు పల్లెటూరి పిల్లల్ని పది కాగానే చేర్చుకుని ఇంజినీర్లను చేస్తున్నాయి. తేడా ఒక్కటే. ఇక్కడ సీటు రావాలంటే పదిలో మంచి మార్కులు ఉండాలి. అక్కడ మార్కుల ఊసే లేదు. ముందుబెంచీ పిల్లలకు దారి ఎలాగూ దొరుకుతుంది. వెనకబెంచీ వాళ్లకూ ఓ దారి వేయొచ్చని చెప్పడమే బ్రూక్లిన్ బడి గొప్ప!