తీగ మీది ఐసును తూచే కాటా

1998 జనవరి 5న కెనడాలోని క్విబెక్‌లో వాన పట్టుకుంది. సున్నా డిగ్రీల కన్నా చల్లబడినా ఇంకా నీరుగానే ఉన్న చినుకులవి. తీగను తాకడమే ఆలస్యం, గాజులా గడ్డకట్టాయి. మాంట్రియల్‌కు దక్షిణాన కొన్నిచోట్ల 100 మిల్లీమీటర్ల దాకా కురిసింది. వెయ్యికి పైగా ఉక్కు టవర్లు కూలాయి. 30 లక్షల మందికి పైగా చీకట్లో చిక్కుకున్నారు. కొన్ని ఇళ్లకు కరెంటు రావడానికి నెల పట్టింది.

వాననీటికి అంత బలం ఎక్కడిది? లెక్కేద్దాం. మన దగ్గర 400 కేవీ లైన్లకు విరివిగా వాడే 'మూస్' తీగ లావు సుమారు 32 మి.మీ., బరువు మీటరుకు 2 కిలోలు. చుట్టూ 10 మి.మీ. ఐసు పేరుకుంటే మీటరుకు 1.2 కిలోలు పెరుగుతుంది. 20 మి.మీ. అయితే 2.9, 30 అయితే 5.3. మందం మూడింతలైతే బరువు నాలుగింతలు దాటింది, పైపొర వచ్చేకొద్దీ చుట్టుకొలత పెరుగుతుంది కాబట్టి. టవర్ల మధ్య దూరం 400 మీటర్లయితే, 800 కిలోల తీగ నెత్తిన రెండు టన్నుల ఐసు!

అందుకే మందం కన్నా బరువు చూడటమే మేలు. తీగను మోసే ఇన్సులేటర్ల దండకు పైన, టవర్ చేతికి కింద 'లోడ్ సెల్' బిగిస్తారు. అది వేలాడే కాటా. అయితే గాలి పక్కకు తోసినా కాటా ఎక్కువే చూపిస్తుంది. కాబట్టి దండ ఒరిగిన కోణం కొలిచే సెన్సర్ కూడా ఉండాలి. ఇన్సులేటర్ల బరువు తీసేశాక కాటా 2 టన్నులు, కోణం 30 డిగ్రీలు చూపిందనుకోండి. నిలువు బరువు 1.73 టన్నులే. తీగ బరువు పోగా ఐసు 930 కిలోలు, అంటే సుమారు 17 మి.మీ. మందం. కోణం చూడకపోతే 1,200 కిలోలని పొరబడతాం.

కెమెరాలూ పెడతారు కానీ, అసలు అవసరమైన రోజునే వాటి అద్దం మీదా ఐసు పడుతుంది. ఇంకో పద్ధతి నాకు బాగా నచ్చింది: సెకనుకు దాదాపు 40,000 సార్లు కంపించే చిన్న కడ్డీ. ఐసు అంటుకున్నకొద్దీ ఆ వేగం తగ్గుతుంది. ఒక హద్దు దాటగానే హీటర్ దాన్ని కరిగించి, లెక్క మళ్లీ మొదలుపెడుతుంది. గంటకు ఎన్నిసార్లు కరిగించాల్సి వచ్చిందో చూస్తే ఐసు పేరుకునే వేగం తెలుస్తుంది.

ఆ విపత్తు తర్వాత క్విబెక్‌లోని లెవీ సబ్‌స్టేషన్‌లో, తీగల్లోకి 7,200 ఆంపియర్ల డీసీ కరెంటు పంపి వేడితో ఐసును వదిలించే యంత్రం పెట్టారు. దాన్ని ఏ లైన్‌కు, ఎప్పుడు కలపాలో తేల్చాలంటే మాత్రం ఐసు ఎంత పేరుకుందో తెలియాలి.