శుక్రవారం దుబాయి చూసొచ్చిన బుద్వేల్ మేస్త్రి

శంషాబాద్ విమానాశ్రయం బయట ఏ రాత్రి వేళ నిలబడినా ఒక దృశ్యం కంటబడుతుంది. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి కిరాయి బండ్లలో వచ్చిన తల్లులు, భార్యలు, చంకన నిద్రపోయే పిల్లలు. లోపలికి పోయేవాడి చేతిలో ఒక సంచి, అందులో గుడ్డతో చుట్టిన తొక్కు సీసా. గాజు తలుపు మూసుకున్నాక కూడా వీళ్లు కాసేపు అక్కడే ఉంటారు.

ఆ విమానాశ్రయానికి అరగంట దారిలో ఉన్న బుద్వేల్‌లో ఇప్పుడు ఒక ఇంట ఇదే చర్చ నడుస్తోంది. ఇంటి పెద్ద ఒకప్పుడు దుబాయిలో సలాకలు కట్టే పని చేసి వచ్చిన మేస్త్రి. ఆయన మేనల్లుడికి ఇరవై రెండేళ్లు. పదో తరగతి తప్పాడు. తానూ దుబాయి పోతానంటున్నాడు. ఎవరో లక్షన్నర కడితే విజిట్ వీసా మీద పంపిస్తానన్నాడట. కుర్రవాడికి ఈ ఆశ ఎక్కడ పుట్టిందని అడిగితే మేస్త్రి గోడకేసి చెయ్యి చూపించాడు. అక్కడ అద్దం కట్టిన ఒక ఫోటో ఉంది. వెనకాల బుర్జ్ ఖలీఫా, ముందు నల్ల కళ్లద్దాలు, తెల్ల చొక్కాతో ఆయన.

"గీ ఫోటోనే మా ఇంట్ల చిచ్చు పెట్టింది" అన్నాడు నవ్వుతూ. పేరు వెయ్యవద్దని కోరి, ఆ ఫోటో దిగిన రోజు సంగతి చెప్పుకొచ్చాడు.

ఆయన మొదటిసారి పోయింది 2006లో, బేగంపేట విమానాశ్రయం నుంచి. రెండేళ్ల తర్వాత సెలవు మీద వచ్చేసరికి విమానం శంషాబాద్‌లో దిగింది. 2008 మార్చిలో కొత్త విమానాశ్రయం మొదలైందన్న సంగతి విన్నాడు గాని, తన ఊరి పక్కనే దిగుతానని అనుకోలేదట. "బేగంపేట నుంచి పోయినోణ్ని. ఇంటి ముందర దిగినట్టయింది" అన్నాడు.

పోవడానికి ఏజెంటుకు ఇచ్చింది డెబ్బై వేలు, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినవి. అంటే నెల తిరిగేసరికి వడ్డీయే రెండు వేల వంద. జీతం ఎనిమిది వందల దిర్హాలు. అప్పట్లో దిర్హం మన పన్నెండు రూపాయలు (ఇప్పుడు ఇరవై దాటింది). తెల్లవారుజామున నాలుగింటికి లేచి, వంట గది దగ్గర వరుసలో నిలబడి టిఫిను డబ్బా నింపుకొని, కంపెనీ బస్సెక్కితే మళ్లీ రాత్రి ఏడింటికి గదికి చేరడం. ఎండాకాలం జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు బయట పని చేయించరాదని అక్కడ నిబంధన ఉంది. ఆ రెండున్నర గంటలూ పలకల నీడలో పడుకునేవారు.

ఉండేది సోనాపూర్‌లో. కాగితాల మీద ఆ చోటి పేరు ముహైస్నా. మనవాళ్లు, ఉత్తరాది వాళ్లు కలిసి సోనాపూర్ అని పిలుచుకున్నారు. బంగారు ఊరని అర్థం. ఒక్కో గదిలో రెండంతస్తుల మంచాలు వేసి పది, పన్నెండు మంది ఉండేవారు. మరి శుక్రవారం సెలవు కదా, ఊరు చూడలేదా అంటే, శుక్రవారం పనికి పోతే ఒకటిన్నర కూలి వస్తుందన్నాడు. అప్పు తీరేదాకా సెలవు అన్న మాటే లేదు. తీరాక చెల్లెలి పెళ్లి. అలా నాలుగేళ్లు దాటిపోయాయి. దుబాయిలో ఉన్నాడు గాని దుబాయి చూడలేదు. బస్సు కిటికీలోంచి చూసిందే.

2010 డిసెంబరులో గదిలో ఉండే సిరిసిల్ల మనిషి ఒకతను ఇంటికి శాశ్వతంగా వెళ్లిపోతున్నాడు. పోయేముందు ఒక్కసారైనా ఊరు చూస్తానని పట్టుబట్టాడు. అలా నలుగురు బయల్దేరారు. పాస్‌పోర్టులు కంపెనీ దగ్గరే. అలా ఉంచుకోవడం అక్కడి చట్టానికి విరుద్ధమే అయినా అడిగేదెవరు? లేబర్ కార్డు జేబులో పెట్టుకున్నారు. కార్డు లేనివాళ్లు, కంపెనీ విడిచి పారిపోయి దొంగచాటుగా పని చేసుకునేవాళ్లు, అలా చూడడానికి పోలేరు. పోలీసు కనిపిస్తే గుండె జారుతుంది. వాళ్లను అక్కడ 'ఖల్లివల్లి' అంటారు. ఏళ్ల తరబడి ఉన్నా వాళ్లకు గది, పని చోటు తప్ప మరో దుబాయి తెలియదని మేస్త్రి అన్నాడు. అలాంటి వారు జరిమానా లేకుండా ఇంటికి పోయేందుకు అక్కడి సర్కారు అప్పుడప్పుడు క్షమాభిక్ష ఇస్తుంది. 2018లో ఇచ్చింది, 2024లోనూ ఇచ్చింది.

పొద్దున బస్సులో దేరా చేరారు. భార్య ఎన్నోసార్లు ఫోనులో అడిగిన బంగారం బజారు చూద్దామని పోతే చాలా దుకాణాల షట్టర్లు దించి ఉన్నాయి. శుక్రవారం నమాజు అయ్యాకే తీస్తారట. "మంచిగయింది, తీసి ఉంటే మనసు గుంజుతుండె" అన్నాడు. అక్కడి నుంచి కాలువ ఒడ్డుకు పోయారు. సముద్రపు పాయ ఊరి మధ్యకు చొచ్చుకొచ్చింది. మన హిమాయత్‌సాగర్ చూసిన కంటికి అదేమంత పెద్దది కాదుగాని దాని మీద తిరిగే కర్ర పడవలు చూడముచ్చటగా ఉన్నాయట. వాటిని 'అబ్రా' అంటారు. ఒక్క దిర్హం ఇస్తే ఆవలి ఒడ్డున దింపుతారు. పడవలో ఒక పక్క బంగ్లాదేశీ కూలీలు, ఇంకో పక్క కెమెరాలు మెడలో వేసుకున్న తెల్లవాళ్లు. అందరికీ అదే దిర్హం. ఆ రోజంతా తనకు బాగా నచ్చింది అదేనన్నాడు. ఊరికే అటూ ఇటూ రెండుసార్లు తిరిగారు.

ఆవలి ఒడ్డు బర్ దుబాయి. అక్కడ మసీదు వెనక సన్నని సందులో గుడి ఉండేది. పూలదండలు, కొబ్బరికాయలు, అగరువత్తులు అమ్మే చిన్న దుకాణాలు. శుక్రవారం కావడంతో వరుస సందు చివరిదాకా ఉంది. గుజరాతీ సేట్లు, తమిళులు, మనవాళ్లు అందరూ చెప్పులు చేతబట్టుకుని నిలబడ్డారు. అక్కడి శివాలయం 2024 జనవరిలో జబల్ అలీలోని కొత్త ఆవరణకు మారిపోయింది. దర్శనం అయ్యాక తెలుగు హోటల్లో పప్పు, చారు, పెరుగుతో భోజనం చేశారు. గదిలో ఎవరి వంతు వస్తే వాళ్లు వండిన కూర తినీ తినీ ఉన్న నలుగురూ మాట్లాడకుండా తిన్నారట.

మధ్యాహ్నం దాటాక మెట్రో రైలు. 2009 సెప్టెంబరు 9న మొదలైన ఆ రైలుకు నడిపే మనిషి ఉండడు. ముందు పెట్టెలో అద్దం దగ్గర నిలబడితే పట్టాలు మన కాళ్ల కిందికి వస్తున్నట్టు ఉంటాయి. లోపల తిన్నా, తాగినా జరిమానా. సిరిసిల్ల మనిషి జేబులో ఉన్న తంబాకు పొట్లాన్ని దిగేదాకా చేత్తో అదిమి పట్టుకునే ఉన్నాడట.

బుర్జ్ ఖలీఫా 2010 జనవరి 4న తెరిచారు. ఎత్తు 828 మీటర్లు. మన చార్మినార్లు పద్నాలుగు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినా ఇంకా మిగులుతుంది. నూట ఇరవై నాలుగో అంతస్తుకు ఎక్కి చూడవచ్చు. అప్పట్లో ముందుగా కొంటే టికెట్టు వంద దిర్హాలు, అప్పటికప్పుడైతే నాలుగు వందలు ఉండేది. నాలుగు వందలంటే ఆయన సగం నెల జీతం. "అంత మీదికి పోయి ఏం జూస్తం? నలభై అంతస్తుల మీద దినాం నిలబడేటోనికి" అని పక్కవాళ్లతో అన్నాడు గాని, ఎక్కాలని మనసులో ఉండెనని ఇప్పుడు ఒప్పుకున్నాడు. కట్టేటప్పుడు కూలీగా ఎక్కడం వేరు, చూడడానికి ఎక్కడం వేరు కదా.

పక్కనున్న పెద్ద బజారులో గోడంత అద్దం వెనక చేపలు, సొరచేపలు ఈదుతుంటాయి. బయట నిలబడి చూస్తే పైసా అడగరు. చీకటి పడ్డాక పాటకు తగ్గట్టు ఆడే నీళ్ల ఫౌంటెన్ కూడా అంతే. నలుగురూ గోడ వార నిలబడి చూశారు. అక్కడే ఒకతని చేత ఫోటో తీయించుకున్నారు. కళ్లద్దాలు సిరిసిల్ల మనిషివి. చొక్కా గదిలోని మరొకతనిది. ఆ రోజు ఖర్చు మనిషికి ముప్పై దిర్హాలు దాటింది. ఒక రోజు కూలి కన్నా ఎక్కువ. రాత్రి గది చేరేసరికి పదకొండు. నాలుగింటికి మళ్లీ లేవాలి.

ఫోటో బుద్వేల్ చేరింది. ఆ బుర్జును ఆయనే కట్టాడని ఇంట్లో అనుకున్నారు. చుట్టాలూ అదే అనుకున్నారు. నిజానికి ఆయన సలాకలు కట్టింది వేరే వీధిలోని మామూలు అపార్టుమెంట్లకు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. "చెప్తే ఏం పోయేది? కాని గప్పుడు చెప్పబుద్ది కాలే" అన్నాడు. 2012లో నడుము నొప్పితో తిరిగొచ్చాడు. ఫోటో గోడెక్కింది. దాన్ని చూస్తూ పెరిగిన మేనల్లుడు ఇప్పుడు పోతానంటున్నాడు.

పోవద్దని మేస్త్రి అనడం లేదు. పోయే దారి గురించే ఆయన బెంగ. పది పాసుకాని వారి పాస్‌పోర్టు మీద ఎమిగ్రేషన్ క్లియరెన్సు కావాలని ఉంటుంది. విజిట్ వీసా మీద పోయి పనిలో చేరితే ఆ కాగితం ఉండదు. గడువు దాటితే ఆ కుర్రవాడూ 'ఖల్లివల్లి' అవుతాడు. 1983 నాటి వలస చట్టం ప్రకారం లైసెన్సు ఉన్న ఏజెంటే మనిషిని పంపాలి. తీసుకోదగిన ఫీజు ముప్పై వేలు, దానిపై పన్ను. లక్షన్నర అన్నవాడిని లైసెన్సు నంబరు అడగమని మేస్త్రి చెప్పాడు. కుర్రవాడు అడిగాడు. రెండు రోజులుగా వాడు ఫోను ఎత్తడం లేదట. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా ప్రయత్నించమని ఇప్పుడు పోరుతున్నాడు. అక్కడ సమయం పడుతుందని కుర్రవాడి విసుగు.

సెలవు రోజు సంగతి కూడా చూసుకొమ్మన్నాడు. 2022లో అక్కడ కొత్త చట్టం వచ్చింది. సర్కారు ఆఫీసులకు శని, ఆదివారాలు సెలవులయ్యాయి. కార్మికుడికి వారపు సెలవు ఏ రోజో కాంట్రాక్టులోనే రాసి ఉండాలి.

మాట్లాడుకుంటూ రోడ్డు మీదికి వచ్చాం. ఈ చుట్టుపక్కల లేస్తున్న అపార్టుమెంట్లలో పనిచేసే ఒడిశా కుర్రవాళ్లు ఇద్దరు, తలకు నూనె రాసి దువ్వుకుని, ఇస్త్రీ చొక్కాలతో ఎదురొచ్చారు. ఆదివారం. చార్మినారుకు బస్సు ఎక్కడ ఆగుతుందని హిందీలో అడిగారు. మేస్త్రి వాళ్లను ఆరాంఘర్ దాకా నడిపించుకుంటూ తీసుకుపోయాడు. బస్సు ఎక్కించేముందు ఫోన్లు పైలమని చెప్పి, కింద నిలబడి ఫోటో దిగి రావద్దని, టికెట్టు ఎక్కువేం కాదని, మీదికి ఎక్కమని రెండుసార్లు చెప్పాడు.